మరిచిపోయిన బొమ్మల సాక్ష్యం

టురిన్‌లో మధ్యాహ్నం పన్నెండయింది. చర్చి గంటలు మోగాయి. బెర్తీనో అనే రైతు ఆ చప్పుడు విన్నాడు గానీ నోరు మెదపలేదు, ఒళ్లు కదపలేదు. అయితే తలకు తగిలిన పెద్ద దెబ్బ వల్ల అతని నుదుటి పైన కాస్త మేర ఎముక పోయింది. ఆ ఖాళీలో మెదడు కొట్టుకోవడం పైనుంచే తెలిసేది. గంటలు మోగగానే ఆ కొట్టుకోవడం ఒక్కసారిగా పెరిగింది. పక్కనే ఉన్న ఆంజెలో మోస్సో అది గమనించాడు.

మోస్సో టురిన్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్రవేత్త. పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో బెర్తీనో లాంటి రోగుల తల మీద చిన్న పరికరం అమర్చి, మెదడులో నెత్తురు ఎలా పోటెత్తుతోందో కాగితం మీద గీతగా రాబట్టేవాడు. లెక్క చెప్పమంటే గీత లేచేది. అదే సమయంలో చేతి నాడి మాత్రం మునుపటిలాగే ఉండేది. అంటే గుండె వేగం పెరగడం వల్ల వచ్చిన మార్పు కాదది, తలకే పరిమితమైన మార్పు. గంటలు మోగిన రోజు మోస్సోకు ఒక అనుమానం వచ్చింది. ఈ గంటలు వింటే మధ్యాహ్నపు ప్రార్థన జ్ఞాపకం వచ్చిందా అని బెర్తీనోని అడిగాడు. అవునన్నాడతను. ఆ మాటతో గీత మళ్లీ లేచింది.

గంట చప్పుడు ఎవరి చెవిన పడినా చప్పుడే. అది ప్రార్థన వేళ అని పోల్చుకోవాలంటే లోపల ఒక జ్ఞాపకం ఉండాలి. బయటినుంచి వచ్చిన గుర్తు, లోపల దాగిన గుర్తు కలుసుకున్న ఆ క్షణాన నెత్తురు కదిలింది. ఈనాడు ఎమ్మారై గదుల్లో జ్ఞాపకం మీద జరుగుతున్న పరిశోధనకు మూలపురుషుణ్ని వెతకమంటే నేను బెర్తీనోనే చూపిస్తాను. తర్వాత వందేళ్ల పాటు జరిగిన పనంతా, ఎముక పగలని తలలో కూడా ఆ కదలికను చూడగలగడం కోసమే.

మోస్సో కూడా అందుకు ప్రయత్నించాడు. నడిమధ్య ఇరుసు మీద త్రాసులా నిలిచే పొడుగాటి బల్ల ఒకటి చేయించాడు. మనిషిని దాని మీద పడుకోబెట్టి, కాళ్లవైపు, తలవైపు సరితూగేలా సర్ది, ఏదైనా చదవమనేవాడు. ఆలోచనతో తలలోకి నెత్తురు ఎక్కువగా చేరితే తలవైపు బల్ల ఒరగాలి. ఒరిగిందనే అతను రాసుకున్నాడు. ఆలోచనను తూకం వేయాలన్న కోరిక అంత పాతది.

1890లో కేంబ్రిడ్జిలో చార్లెస్ రాయ్, చార్లెస్ షెరింగ్టన్ జంతువుల మీద పరీక్షలు జరిపి, మెదడులో ఏ భాగం పనిచేస్తే ఆ భాగం తనకు కావలసిన నెత్తురు తానే పిలిపించుకుంటుందని ప్రతిపాదించారు. దీనికి మనిషి నుంచి దొరికిన విచిత్రమైన రుజువు 1928 నాటిది. బోస్టన్‌లో వాల్టర్ కె. అన్న పేరుతో వైద్యగ్రంథాలకెక్కిన నావికుడొకడు, కళ్లతో పనిచేసినప్పుడల్లా తల వెనక హోరు వినిపిస్తోందని చెప్పుకున్నాడు. చూపుకు సంబంధించిన భాగం మీద అతనికి రక్తనాళాల ముద్ద ఉంది. జాన్ ఫుల్టన్ అనే యువ వైద్యుడు ఆ హోరును రికార్డు చేశాడు. పత్రిక చదువుతుంటే హోరు పెరిగింది. వాసన చూడమని పొగాకు ఇస్తే మార్పు లేదు. చూసే పనికి చూసే చోటికే నెత్తురు వెళ్లింది. రోగి తన బాధను తానే గమనించుకుని చెప్పాడు గనక, డాక్టరు నమ్మి విన్నాడు గనక ఆ సంగతి మనకు దక్కింది.

పగలని తలలోకి దారి చూపింది నెత్తురులోని ఇనుము.

మైకేల్ ఫారడే 1845లో ఎండిన నెత్తురును అయస్కాంతం దగ్గర పెట్టి చూశాడు. ఇనుము ఉన్నా అయస్కాంతం దాన్ని లాగలేదు. ద్రవంగా ఉన్న నెత్తురుతో కూడా చేసి చూడాలని తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆ పని మిగిలిపోయింది. తొంభై ఏళ్ల తర్వాత, 1936లో, లైనస్ పౌలింగ్, చార్లెస్ కోరియెల్ చేసి చూస్తే తేడా బయటపడింది. ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం పట్టించుకోదు. ఆక్సిజన్ దించేసిన హిమోగ్లోబిన్ మాత్రం అయస్కాంతానికి కాస్త లోబడుతుంది. ఒకే నెత్తురు, బరువు దించుకున్నాక గుణం మార్చుకుంటుంది.

ఈ చిన్న తేడా మీదే మన కథంతా నిలబడి ఉంది. దీన్ని మెదడు బొమ్మగా మార్చినవాడు సైజీ ఒగావా. జపాన్‌లో పుట్టి, అమెరికాలో న్యూజెర్సీలోని బెల్ లేబొరేటరీలో దశాబ్దాలు పనిచేశాడు. టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాలలో ఎలుకల మెదళ్లకేం పనని మనకు అనిపిస్తుంది. ఆనాటి బెల్ లేబొరేటరీ అలాంటి ప్రశ్న వేయని చోటు. ఒగావా మత్తిచ్చిన ఎలుకలను చాలా బలమైన అయస్కాంతంలో ఉంచి తల బొమ్మలు తీస్తున్నాడు. మామూలు గాలి పీలుస్తున్నప్పుడు బొమ్మ నిండా సన్నని నల్లగీతలు కనబడ్డాయి. స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తే గీతలు మాయమయ్యాయి. అవి సిరలు. ఆక్సిజన్ దించేసిన నెత్తురు చుట్టూ ఉన్న నీటిలో అయస్కాంత క్షేత్రాన్ని కొంచెం చెదరగొడుతోంది, ఆ చెదురే నల్లగా కనబడుతోంది. తన ఊహ నిజమో కాదో తేల్చుకోవడానికి నెత్తుటిని గాజు గొట్టాల్లో పోసి నీళ్లలో ఉంచి బొమ్మ తీశాడు. ఆక్సిజన్ ఉన్న గొట్టం చుట్టూ ఏ మార్పూ లేదు. ఆక్సిజన్ లేని గొట్టం నీడ మాత్రం గాజు దాటి చుట్టూ నీళ్లలోకి పరచుకుంది. 1990లో ఈ సంగతులు ప్రచురించాడు.

ఇంజెక్షన్ లేదు, రేడియోధార్మిక పదార్థం లేదు, ఎముక పగలనక్కరలేదు. మనిషి ఒంట్లో ఉన్న నెత్తురే సాక్షి. 1991 మే నెలలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో కెన్నెత్ క్వాంగ్, ఎర్రదీపాలు మిణుకుమిణుకుమనే కళ్లద్దాలు పెట్టి మనుషులను స్కానర్లో పడుకోబెట్టాడు. దీపాలు వెలిగినప్పుడు తల వెనక భాగంలో సంకేతం పెరిగింది, ఆపితే తగ్గింది. 1992లో క్వాంగ్ బృందం, మినెసోటాలో ఒగావా, కామిల్ ఉగుర్బిల్ బృందం, మిల్వాకీలో పీటర్ బాండెట్టినీ బృందం ఒకరి తర్వాత ఒకరు ప్రచురించారు. ఎఫ్‌ఎమ్మారై పుట్టింది.

ఇక్కడ ఒక చిక్కు విప్పాలి. పనిచేసే చోట ఆక్సిజన్ ఖర్చవుతుంది గనక నలుపు పెరగాలి కదా? జరిగేది దానికి తలకిందులు. మెదడు, నలుగురు భోజనానికి వస్తున్నారంటే పదిమందికి వండే ఇల్లాలి లాంటిది. ఒక చోట పని మొదలైతే ఖర్చును మించి తాజా నెత్తురు అక్కడికి వచ్చి పడుతుంది. ఆక్సిజన్ మిగిలిపోతుంది, నలుపు తగ్గుతుంది, బొమ్మ వెలుగుతుంది. ఆ వెలుగులో తేడా ఒకటి రెండు శాతమే. పైగా ఆలస్యంగా వస్తుంది. మెదడు పని అర సెకనులో ముగిసినా, నెత్తురు అయిదారు సెకన్లకు గానీ పతాకస్థాయికి చేరదు, సద్దుమణగడానికి మరో పది సెకన్లు. ఈ ఆలస్యాన్ని గుర్తుంచుకోండి, ముందుముందు పని ఉంది.

యంత్రం దొరికింది. ఏమని అడగాలి?

తెలుగులో మనం రెండు మాటలు వాడతాం. ఒకటి గుర్తుపట్టడం, రెండోది గుర్తుకు రావడం. మొదటిదాంట్లో మనమే వెళ్లి పట్టుకుంటాం. రెండోదాంట్లో అదే మన దగ్గరికి వస్తుంది. పెళ్లిలో బంతి భోజనాల దగ్గర ఎవరో నవ్వుతూ పలకరిస్తారు. ముఖం బాగా తెలుసు. ఎవరో మాత్రం తట్టదు. పప్పు వడ్డన అయి పులుసు వచ్చేసరికి తటాలున వెలుగుతుంది. మన వీధి చివర మందుల షాపులో కౌంటర్ వెనక నిలబడే మనిషి. కౌంటర్ లేకపోయేసరికి ఆనవాలు పట్టలేకపోయాం. ఆ పావుగంటా మనకు ఉన్నది పరిచయం, లేనిది జ్ఞాపకం. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జార్జ్ మాండ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లో ఇలాంటి ఉదాహరణతోనే వాదించాడు. అతని ఉదాహరణలో మాంసం కొట్టు మనిషి బస్సులో కనబడతాడు. చూసినట్టుంది అన్న భావన, ఎక్కడ చూశామో తెలియడం, ఈ రెండూ వేర్వేరు పనులన్నాడు.

ఇవి మెదడులో కూడా వేర్వేరు చోట్ల జరుగుతాయా? ఆ అనుమానం అప్పటికే ఒక మనిషి జీవితంలో రూపుకట్టి ఉంది. హెన్రీ మొలైసన్‌కు మూర్ఛలు. 1953లో హార్ట్‌ఫర్డ్‌లో విలియం స్కోవిల్ అనే సర్జన్ అతని మెదడులో రెండు వైపులా కణతల లోపలి భాగం తీసేశాడు. అందులో హిప్పోకాంపస్ అనే, సముద్రపు గుర్రం ఆకారంలో వంపు తిరిగిన భాగం చాలావరకు పోయింది. మూర్ఛలు తగ్గాయి. కొత్త జ్ఞాపకాలు నిలవడం కూడా ఆగిపోయింది. మాంట్రియల్‌కు చెందిన బ్రెండా మిల్నర్ అతన్ని పరీక్షించి, 1957లో స్కోవిల్‌తో కలిసి ప్రకటించింది. అప్పటినుంచి 2008లో చనిపోయేవరకూ లోకానికి అతను హెచ్.ఎమ్. అన్న రెండక్షరాలే. సుజేన్ కోర్కిన్ అనే శాస్త్రవేత్త అతనితో నలభై ఏళ్లకు పైగా పనిచేసింది. ప్రతిసారీ ఆమె అతనికి కొత్త మనిషే. అయినా ఏళ్లు గడిచేకొద్దీ ఆమెను చూస్తే, తనతో హైస్కూల్లో చదువుకున్న అమ్మాయేమో అనిపించేదట. పేరు రాదు, నిన్నటి మాట రాదు. ఎక్కడో చూసిన ముఖమన్న మసక మాత్రం ఎలాగో మిగిలింది. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా మనసు పట్టేసే సంగతి అదే. అంత నష్టంలోనూ మనిషిని మనిషికి కలిపే ఒక్క పోగు తెగకుండా ఉంది.

1997లో లండన్‌లో ఫరానే వర్ఘా-ఖాదెమ్ ముగ్గురి గురించి రాసింది. చిన్నతనంలోనే వాళ్ల హిప్పోకాంపస్ దెబ్బతింది. బడికి వెళ్లారు, చదవడం నేర్చారు, లోకజ్ఞానం సంపాదించారు. పొద్దున ఏం జరిగిందో మాత్రం సాయంత్రానికి చెప్పలేరు. ఇక్కడా తెలియడం ఒక దారి, జ్ఞాపకం రావడం ఇంకొక దారి.

కాబట్టి స్కానర్లు రాగానే అందరూ హిప్పోకాంపస్ వెలుగుతుందని ఎదురుచూశారు. చాలా ప్రయోగాల్లో వెలగలేదు. రోగుల దగ్గర కొట్టొచ్చినట్టు కనబడిన సంగతి ఆరోగ్యవంతుల బొమ్మల్లో ఎందుకు కనబడలేదు? కారణం యంత్రంలో లేదు, ప్రశ్న వేసిన తీరులో ఉంది. అంతకుముందున్న పెట్ స్కాన్‌లో ఒక్కో బొమ్మకు నిమిషం దాకా పట్టేది. తొలినాటి ఎఫ్‌ఎమ్మారై కూడా అదే అలవాటు పట్టుకుంది. అర నిమిషం పాటు పదాలు చూపించి, మరో అర నిమిషం వేరే పని చేయించి, రెండింటి సగటూ తీసి పోల్చేవారు. అర నిమిషంలో చూసిన పదాల్లో కొన్ని మనసులో నిలుస్తాయి, కొన్ని జారిపోతాయి. నిలిచినవీ జారినవీ ఒకే బస్తాలో పోసి తూకం వేస్తే జ్ఞాపకం బరువు ఎలా తెలుస్తుంది?

మెదడు తరంగాలను ఈఈజీతో కొలిచేవాళ్లు ఈ చిక్కును ముందే దాటారు. కెన్ పాలర్, మార్తా కుటాస్ లాంటివాళ్లు 1980లలోనే ఒక ఉపాయం పాటించారు. మనిషికి పదాలు చూపిస్తూ తరంగాలు రికార్డు చేసుకోవాలి. తర్వాత పరీక్ష పెట్టి ఏవి గుర్తున్నాయో, ఏవి మరిచిపోయాడో తెలుసుకోవాలి. అప్పుడు వెనక్కి వెళ్లి, నిలిచిన పదాల తరంగాలు ఒక కుప్పగా, జారిపోయిన పదాల తరంగాలు ఇంకో కుప్పగా వేసి పోల్చాలి. ధాన్యాన్ని ఇంటికి తెచ్చాక తూర్పారబట్టినట్టు. తరంగాలు క్షణాల్లో వచ్చిపోతాయి గనక వాళ్లకు ఇది సాధ్యమైంది. అయితే తరంగం లోపల ఎక్కడ పుట్టిందో పుర్రె పైనుంచి తెలియదు. హిప్పోకాంపస్ లాంటి లోతైన చోటు సంగతి అసలే తెలియదు.

ఎఫ్‌ఎమ్మారైకి చోటు తెలుసు, సమయమే చేతకాదు. నెత్తురు పదిహేను సెకన్లు తీసుకుంటుంది కదా. ఒక్కో బొమ్మకు అంతసేపు ఆగుతూ పోతే స్కానర్లో మనిషి నిద్రపోతాడు. ఈ ముడిని 1997లో బోస్టన్‌లో ఆండర్స్ డేల్, రాండీ బక్నర్ విప్పారు. చెరువులో ఒక రాయి వేస్తే అలలు లేస్తాయి. అవి సద్దుమణగకముందే ఇంకో రాయి వేస్తే అలలు ఒకదాని మీద ఒకటి పడతాయి. కలిసిపోయినా, ఎప్పుడు ఏ రాయి వేశామో లెక్క ఉంటే ఒక్కో రాయి అలను గణితంతో విడదీయవచ్చు. మెదడులో నెత్తురు అలలు కూడా దాదాపు ఇలాగే ఒకదానికొకటి కూడుకుంటాయని వాళ్లు చూపించారు. దీంతో రెండు సెకన్లకో బొమ్మ చొప్పున చకచకా చూపినా ప్రతి బొమ్మ లెక్కా విడిగా తేలింది.

ఏడాది తిరిగేసరికి, 1998 ఆగస్టు 21 నాటి సైన్స్ పత్రికలో రెండు పరిశోధనలు పక్కపక్కన వచ్చాయి. ఒకటి స్టాన్‌ఫర్డ్ నుంచి, జేమ్స్ బ్రూవర్, జాన్ గాబ్రియెలీ బృందానిది. రెండోది బోస్టన్ నుంచి, ఆంథొనీ వాగ్నర్, డేనియల్ షాక్టర్, బక్నర్ బృందానిది.

బ్రూవర్ ప్రయోగం వివరంగా చెప్పుకోదగినది, ఎందుకంటే అంత సాదాగా ఉంటుంది. ఆరుగురు మనుషులు. ఒక్కొక్కరికీ స్కానర్లో 96 రంగు ఫొటోలు చూపించారు. ఒక్కో ఫొటోకూ వాళ్లు చేయవలసిందల్లా అది ఇంటి లోపలిదా, బయటిదా అని మీట నొక్కి చెప్పడం. జ్ఞాపకం పెట్టుకోమని ఎవరూ అనలేదు. బయటికి వచ్చాక, అరగంట పోయాక, అనుకోని పరీక్ష పెట్టారు. చూసిన ఫొటోల్లో కొత్తవి కలిపి ముందుంచారు. ఇది చూసినట్టు స్పష్టంగా జ్ఞాపకం ఉందా, తెలిసినట్టు మాత్రం అనిపిస్తోందా, చూడనే లేదా అని అడిగారు. జవాబుల ప్రకారం స్కాన్ బొమ్మలను మూడు కుప్పలు వేశారు.

స్పష్టంగా జ్ఞాపకం ఉన్న ఫొటోలను చూస్తున్నప్పుడు హిప్పోకాంపస్‌ను ఆనుకుని ఉన్న పొర రెండు వైపులా ఎక్కువ వెలిగింది. నుదుటి వెనక కుడి భాగం కూడా వెలిగింది. తెలిసినట్టు అనిపించినవాటికి అంతకన్నా తక్కువ. మరిచిపోయినవాటికి ఇంకా తక్కువ. పదాలతో చేసిన వాగ్నర్ ప్రయోగంలో అదే పొర ఎడమవైపు, నుదుటి వెనక ఎడమ భాగం వెలిగాయి. నుదుటి వెనక మాత్రం ఫొటోకు కుడివైపు, మాటకు ఎడమవైపు. ఒక క్షణం మనలో నిలుస్తుందా జారిపోతుందా అన్నది ఆ క్షణంలో జరిగే పనిని బట్టే చాలావరకు తేలిపోతోందన్నమాట. ఆ పని కంటికి కనబడింది.

ఈ ప్రయోగంలో నాకు గొప్పగా తోచేది మరిచిపోయిన ఫొటోల కుప్ప. పరీక్షలో మరిచిపోతే సున్నా మార్కు అని మనకు బడినుంచీ అలవాటు. ఇక్కడ మరిచిపోయిన ప్రతి ఫొటో కొలబద్ద. అవి లేకపోతే గుర్తున్నవాటిని దేంతో పోల్చాలో తెలిసేది కాదు. ఒకే కన్ను, ఒకే గది, ఒకే రకం ఫొటో, ఒకే మీట. తేడా ఒక్కటే, ఇది నిలిచింది, అది జారింది. ఏళ్ల తరబడి బొమ్మల్లో జ్ఞాపకం దొరక్కపోవడానికి కారణం, మరుపును లెక్కలోకి తీసుకోకపోవడమే.

దారి పడ్డాక మిగతావాళ్లు వడివడిగా వచ్చారు. 2000లో లాస్ ఏంజెలెస్‌లో లారా ఎల్డ్రిడ్జ్, బార్బరా నోల్టన్ పరీక్ష సమయాన్నే స్కాన్ చేశారు. పదం చూసి, దాన్ని చదివిన సందర్భం జ్ఞాపకం వచ్చిందని చెప్పినప్పుడు మాత్రమే హిప్పోకాంపస్ లేచింది. చూసినట్టు తెలుసు అని సరిగానే చెప్పినా, సందర్భం రాకపోతే లేవలేదు. మనం పెళ్లి పందిట్లో పడిన అవస్థకు నెత్తురు లెక్క దొరికింది. 2004లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో, భారతీయ మూలాలున్న చరణ్ రంగనాథ్ బృందం పదాలను ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో చూపించి, తర్వాత పదంతో పాటు రంగును కూడా అడిగింది. చూసినట్టుంది అన్న నమ్మకం ఎంత గట్టిగా ఉందో హిప్పోకాంపస్ ముందున్న పొర చెప్పింది. రంగు చెప్పగలరా లేదా అన్నది హిప్పోకాంపస్, దాని వెనక పొర చెప్పాయి. పట్టడం ఒక చోట, రావడం మరో చోట.

అందరూ ఒప్పుకోలేదు. శాన్ డియేగోలో లారీ స్క్వైర్, జాన్ విక్స్‌టెడ్, ఇవి రెండు జ్ఞాపకాలు కావు, ఒకే జ్ఞాపకం బలంగా ఉంటే ఒక తీరు, బలహీనంగా ఉంటే మరో తీరు అని వాదించారు. సందర్భం గుర్తొచ్చిన పదం మామూలుగానే బలమైన జ్ఞాపకం కదా, హిప్పోకాంపస్ కొలిచేది బలాన్నేమో అన్నది వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ఆ తగవు ఈనాటికీ పూర్తిగా తెగలేదు. నా మటుకు నాకు, మన భాషలో రెండు క్రియలు ఉన్నంత మాత్రాన మెదడులో రెండు గదులు ఉండి తీరాలని లేదు. హెన్రీ మొలైసన్‌కు మిగిలిన ఆ మసక పరిచయాన్ని తలుచుకుంటే మాత్రం రెండు దారుల వైపే మొగ్గుతాను.

ఈ బొమ్మలను కళ్లు మూసుకుని నమ్మకూడదని 2009లో క్రెయిగ్ బెన్నెట్ ఒక చచ్చిన సాల్మన్ చేపతో నేర్పాడు. దాన్ని స్కానర్లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, వాళ్ల మనోభావం ఏమిటో ఆలోచించమన్నాడు. చేప మెదడులో రెండు మూడు చుక్కలు వెలిగాయి. స్కానర్ మెదడును వేల వేల చిన్న ఘనాలుగా విడదీసి చూస్తుంది. అన్ని ఘనాల్లో కొన్నయినా కాకతాళీయంగా లేస్తాయి. ఆ కాకతాళీయాన్ని సవరించే లెక్క వేయగానే చేప మెదడు చీకటి పడింది. అప్పటినుంచి ఆ సవరణ వేయని పరిశోధన పత్రికల ముందు నిలవడం కష్టమైంది. మంచి పాఠం.

వెలుగు ఎక్కడుందని కాక, వెలుగు నీడల అల్లిక ఎలా ఉందని చూసే పద్ధతి 2001లో మొదలైంది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జేమ్స్ హాక్స్‌బీ ఆరుగురికి ముఖాలు, పిల్లులు, ఇళ్లు, కుర్చీలు, సీసాలు, కత్తెరలు, చెప్పులు చూపించాడు. ఒక్కో రకానికి చూపుకు సంబంధించిన పొర మీద ఒక్కో ముగ్గు పడింది. ముగ్గును చూసి మనిషి ఏం చూస్తున్నాడో చెప్పడం వీలైంది. అక్కడినుంచి సహజంగానే తర్వాతి ప్రశ్న పుట్టింది. ముగ్గును చూసి, ఈ ముఖాన్ని ఇతను మునుపు చూశాడో లేదో చెప్పగలమా?

ఈ ప్రశ్న మన దేశంలో పరిశోధనశాల దాటి పోలీసు స్టేషన్ దాకా వచ్చింది. తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి, నేరం తాలూకు మాటలు వినిపించి, మెదడు తరంగాల్లో అనుభవపు జ్ఞాపకం ఉందో లేదో చెబుతామనే పరీక్షలు ఇక్కడ వాడారు. 2008లో పుణెలో ఒక హత్య కేసు తీర్పులో అలాంటి పరీక్ష ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో, నార్కో పరీక్షయినా, పాలీగ్రాఫ్ అయినా, ఈ మెదడు పరీక్షయినా, మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని తీర్పిచ్చింది.

అదే నెలలో స్టాన్‌ఫర్డ్ నుంచి జెస్సీ రిస్‌మన్, న్యాయశాస్త్ర ఆచార్యుడు హెన్రీ గ్రీలీ, ఇంకా మన పాత వాగ్నర్ కలిసి తమ ఫలితాలు ప్రచురించారు. మనుషులకు ముఖాలు చూపించి, తర్వాత కొత్త ముఖాలు కలిపి స్కానర్లో మళ్లీ చూపించారు. ఈ ముఖం తెలుసని మనిషి అనుకుంటున్నాడా, లేదా అన్నది కంప్యూటరు ముగ్గు చూసి చాలావరకు సరిగ్గా చెప్పింది. అయితే కొత్త ముఖాన్ని చూసి, పాతదేనని మనిషి పొరబడినప్పుడు పడిన ముగ్గు నిజంగా పాత ముఖానికి పడిన ముగ్గులాగే ఉంది. పాత ముఖాన్ని మరిచిపోయి కొత్తదన్నప్పుడు, నిజంగా చూశాడన్న ఆనవాలును కంప్యూటరు దాదాపు పట్టలేకపోయింది. యంత్రానికి తెలిసింది నిజం కాదు, నమ్మకం. ఒక మనిషిని తప్పుగా ఆనవాలు పట్టి జైలుకు పంపగల సాక్షి మెదడు కూడా, స్కానర్లో, నిజం చెప్పే సాక్షి మెదడులాగే వెలుగుతుంది.

2015లో వాగ్నర్ బృందంలోనే మెలీనా అంకాఫర్ మరో మెట్టు ఎక్కింది. ఈసారి స్కానర్లో పడుకున్నవాళ్లను కంప్యూటరును ఏమార్చమంది. తెలిసిన ముఖం కనబడితే, ఎవరని తలుచుకోకుండా ఆ ఫొటోలో వెలుతురు ఎటునుంచి పడుతోంది, చర్మం ఎలా ఉంది అని చూడమంది. కొత్త ముఖం కనబడితే, తమకు తెలిసినవాళ్లలో ఎవరినైనా పోలి ఉందేమో తలుచుకోమంది. అంతకుముందు పాత ముఖమేదో కొత్త ముఖమేదో చెప్పగలిగిన కంప్యూటరు, ఇప్పుడు నాణెం ఎగరేసి చెప్పినంత మాత్రమే చెప్పగలిగింది.